బావకిచ్చిన జీపు

మోటారు ప్రమాదాల కేసుల్లో నా దగ్గరికి వచ్చిన బండి ఓనర్లలో చాలామంది కుర్చీలో సరిగా కూర్చోకముందే ఒక మాట అనేవారు.

"ఆ బండి నాది కాదమ్మా."

అబద్ధం చెప్పేవాళ్లు కొందరుండేవారు. ఎక్కువమంది చెప్పింది నిజమే. బండిని తమ్ముడికో, అల్లుడికో, బావకో ఎప్పుడో ఇచ్చేశారు. తాళంచెవులు ఇచ్చారు, కాగితాలు పెట్టిన కవరు కూడా ఇచ్చారు. ఆర్.సి. పుస్తకంలో పేరు మాత్రం మార్చలేదు. ఆ పేరు పట్టుకుని పోలీసులు వచ్చేవారు, కోర్టు నోటీసు వచ్చేది. మా ప్రాంతంలో ఆ రోజుల్లో పోలీసులకన్నా, కోర్టుకన్నా ముందు వేరే మనుషులు కూడా వచ్చేవారు.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు కోర్టుల్లో నా పని ముగించి ఇంట్లో కూర్చున్నాక, కొత్తగా నల్లకోటు వేసుకున్న పిల్లలు అప్పుడప్పుడు వచ్చి ఏదో ఒకటి చెప్పమంటారు. ఏ సెక్షన్ ఏమంటుందో వాళ్లకు పుస్తకాల్లో దొరుకుతుంది. పుస్తకంలో దొరకని సంగతి ఒకటి, ఓబులేసు కేసు వల్ల నాకు తెలిసింది. దాన్నే ఇక్కడ రాస్తున్నాను.

ఎవరి వైపూ కాని ఆఫీసు

నేను పుట్టింది పులివెందులలో. మా నాయనకు బట్టల అంగడి. నేను లా చదివి వకీలునవుతానంటే ఆయన వద్దనలేదు కానీ, ఒక షరతు పెట్టాడు. "ఎవరి పార్టీ వకీలు దగ్గరా చేరొద్దు." ఆ షరతు వినడానికి చిన్నదే. జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కల అలాంటి వకీలును వెతకడమే కష్టం. ఏ వకీలు ఏ వైపో టీ అంగడిలో గ్లాసులు కడిగే మనిషి కూడా చెప్పగలిగేవాడు. కక్షిదారులు వకీలు తెలివి చూసి వచ్చేవారు కాదు, వైపు చూసి వచ్చేవారు.

అలా వెతగ్గా దొరికినవారు రాఘవయ్య గారు. ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ల వీధికి వెనక సందులో ఆయన ఆఫీసు. హత్య కేసులు ముట్టుకునేవారు కాదు. "గెలిస్తే ఒకరు పగబడతారు, ఓడితే ఇంకొకరు పగబడతారు. నాకెందుకు తల్లీ?" అనేవారు. బస్సు ప్రమాదాలు, లారీ ప్రమాదాలు, భూమి తగాదాలు, ఇవే ఆయన పని. అందువల్ల రెండు పార్టీల ఊళ్లవాళ్లూ ఆయన దగ్గరికే వచ్చేవారు. ఎదురెదురు బెంచీల మీద, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఒకే ఫ్యాను కింద కూర్చునేవారు.

ఆయన కోపిష్టి. తారీకు తప్పు రాస్తే కాగితాలు విసిరేసేవారు. మధ్యాహ్నానికి మళ్లీ తన క్యారియర్‌లో సగం కూర నా ప్లేటులో వేసేవారు. ఆయనలో నాకు మొదట నచ్చని గుణం ఒకటుండేది. ఎవరు ఏడుస్తూ వచ్చినా, పోయింది ఎవరు, ఎలా పోయారు అని అడగడానికి ముందు, "బండి ఎవరి పేరున ఉండాది?" అని అడిగేవారు.

ఒకరోజు ఉండబట్టలేక అన్నాను. "సార్, కొడుకు పోయిన తల్లిని అలా అడిగితే బాగుండదేమో."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "పోయినోణ్ణి మనం తెచ్చేది లేదు తల్లీ. ఉన్నోల్లకు రేపు అన్నం పెట్టల్లంటే ఒక పేరు కావల్ల. బండి ఎవుడు ఎవునికి అమ్మినాడో, ఆ కొన్నోడు ఇంకెవునికి అమ్మినాడో కనుక్కుంటా ఈయమ్మ ఊర్లెంబడి తిరగల్లనా? అందుకే చట్టం పుస్తకంలో ఉండే పేరును పట్టుకునేది. అది కఠినంగా అగపడతాది గాని, దయతో రాసిండేదే."

నేను ఆ మాట చాలా ఏళ్లు నమ్మాను. ఇప్పటికీ నమ్ముతాను. ఆ దయ ఎవరి మీద ఎంత బరువు వేస్తుందో మాత్రం ఓబులేసు వచ్చాకే చూశాను.

ఓబులేసు

ఓబులేసుది కొండాపురం దిక్కున ఒక పల్లె. గొర్రెలు పెంచే కుటుంబం. తల్లి చిన్నప్పుడే పోతే అక్క నాగమ్మే పెంచింది. తమ్ముణ్ణి చంకలో వేసుకుని మంద వెంట తిరిగిన పిల్ల ఆమె. ఆమెకు చాపాడు దగ్గర ఒక పల్లెకు పెళ్లి చేశారు. మొగుడు గంగయ్య సేద్యగాడు, నెమ్మదైన మనిషి.

ఓబులేసు మందను కాయడంతో ఆగకుండా పొట్టేళ్ల బేరం మొదలుపెట్టాడు. సంతకు తోలడానికి ఒక పాత జీపు కొన్నాడు. బేరం బాగా నడిచి చిన్న వ్యాను కొనుక్కున్నాక, జీపు గంగయ్యకిచ్చాడు. ధరలో కొంత అప్పుడే చేతికొచ్చింది, మిగిలింది పంట వచ్చాక. నాగమ్మ జీపుకు పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టింది. తమ్ముడికి ఓళిగలు చేసి పెట్టింది. అమ్మకం అయిపోయింది.

ఆ సంగతి అతను మాకు ఇలా చెప్పాడు.

"ఆఫీసుకు యాడికన్నా పోవల్లనా ఓబులేసూ, అని మా బావ ఒకతూరి అడిగినాడమ్మా. మన మధ్య ఏముంది బావా, ఏం తొందర్లే, అన్నది నేనే. అక్క ఇంట్లో కూచోని, అక్క పెట్టింది తింటా, సంతకాలు పెట్టు అని ఎట్లడుగుదును?"

ఇన్సూరెన్సు సంగతి అంతకన్నా విచిత్రం. బండి తీసుకున్నాడు కనుక బావ కట్టుకుంటాడని ఇతను అనుకున్నాడు. కాగితాలన్నీ ఓబులేసు పేరున ఉన్నాయి కనుక అతనే కట్టి ఉంటాడని గంగయ్య అనుకున్నాడు. అడిగితే ఎదుటివాడు చిన్నబుచ్చుకుంటాడేమోనని ఇద్దరూ అడగలేదు. గడువు ఎప్పుడో దాటిపోయింది.

పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. గంగయ్య ఊరి నాయకుడు జీపు కావాలని కబురు పెట్టాడు. ఆ రోజుల్లో అలాంటి కబురుకు లేదని చెప్పడమంటే అవతలి పార్టీలో చేరానని చాటింపు వేసుకోవడమే. గంగయ్య తాళంచెవులు ఇచ్చాడు. నడిపింది నాయకుడి మనిషి.

ఒకనాడు పొద్దు గూకే వేళ, జెండాలు కట్టుకుని మనుషులతో పోతున్న ఆ జీపు జమ్మలమడుగు రోడ్డు మీద ఒక సైకిల్‌ను గుద్దింది. సైకిల్ మీదున్నది మద్దిలేటి అనే మనిషి, నాపరాళ్ల గనిలో పని ముగించుకుని ఇంటికి పోతున్నాడు. అక్కడికక్కడే ప్రాణం పోయింది. జీపులో ఉన్నవాళ్లు, డ్రైవరు, అందరూ దిగి పారిపోయారు.

మద్దిలేటికి రాజకీయాలతో పనిలేదు. కానీ అతని అన్న అవతలి పార్టీకి ఊర్లో ముఖ్యమైన మనిషి. జీపుకున్న జెండాలు గంగయ్య ఊరి నాయకుడి పార్టీవి. జీపులో దొరికిన ఆర్.సి.లో పేరు ఓబులేసుది. ఈ మూడూ కలిపి చూసుకున్నవాళ్లకు అది ప్రమాదంగా కనిపించలేదు. ఓబులేసు పార్టీలో చేరాడట, అన్నను కొట్టలేక తమ్ముణ్ణి జీపుతో తొక్కించాడట, అని మరుసటి రోజుకే మాట పుట్టింది.

జీపు గుద్దిన సమయంలో ఓబులేసు సంతలో పొట్టేళ్ల పళ్లు చూసి, వయసు లెక్కగట్టి బేరం చేస్తున్నాడు. ఎవరో పరుగెత్తుకొచ్చి చెబితే, ఏ జీపు అని అడిగాడట.

నోరు విప్పని మనిషి

పోలీసులు పిలిచి, బండి ఎవరు నడిపారని అడిగారు. పోలీసులు అడిగినప్పుడు ఓనరు చెప్పి తీరాలి, అది చట్టం. ఓబులేసు నాకు తెలీదన్నాడు. అది నిజమే. మరి జీపు ఎవరికిచ్చావు అని అడిగారు. దానికి నోరు విప్పలేదు. వాళ్లు అరిచారు, కూర్చోబెట్టారు, మళ్లీ రమ్మని పంపారు. ఈ లోపల మద్దిలేటి ఊరివాళ్లు ఇద్దరు ముగ్గురు అతని పల్లెకు వచ్చి, ఇల్లు ఎక్కడ, ఎప్పుడు ఉంటాడు అని వాకబు చేసిపోయారు. ఆ వాకబుకు అర్థమేమిటో మా ప్రాంతంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఓబులేసు భార్యాబిడ్డల్ని అత్తగారింటికి పంపి, ఇంటికి తాళం వేసి, మందతో కొండ మీదికి పోయాడు. అక్కణ్ణుంచి ఒకరోజు మా ఆఫీసుకు వచ్చాడు.

బక్కపలచటి మనిషి. భుజాన కంబళి. బెంచీ మీద కూర్చోమంటే గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. రాఘవయ్య గారు అలవాటు ప్రకారం మొదటి ప్రశ్న అడిగారు.

"నా పేరు మీదనే ఉండాది సార్. బండి మాత్రం నాది కాదు."

బలవంతం మీద మాకు జరిగింది చెప్పాడు. చెప్పి, వెంటనే చేతులు జోడించాడు. "ఇది మీ ఇద్దరి దగ్గరే ఉండల్ల. యాడా మా బావ పేరు రాకూడదు."

"ఎందుకప్పా?" అన్నారు రాఘవయ్య గారు.

"నేను పేరు చెప్పిన మరుదినం వాండ్లు మా యక్క ఇంటికి పోతారు సార్. ఇప్పుడు ఒక ఇంటికే తాళం పడింది. రెండో ఇంటికి ఎందుకు?"

సార్ చాలాసేపు నచ్చజెప్పారు. "నువ్వు గమ్మునుండేకొద్దీ, ఓబులేసూ, వాండ్లు నువ్వే తొక్కించినావని గట్టిగా నమ్ముతారు. ప్రమాదాన్ని నువ్వే హత్యగా మారుస్తాండావు."

"అనుకోనీ సార్."

"నిన్ను చంపుతారప్పా."

ఓబులేసు తల వంచుకుని కంబళి అంచు లాగాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "మా యమ్మ మొగం నాకు గుర్తులేదు సార్. అమ్మ అనుకుంటే మా యక్క మొగమే వస్తాది."

అతను వెళ్లాక రాఘవయ్య గారు నాతో అన్నారు. "కక్షిదారుడు వద్దన్నది మనం బయట చెప్పకూడదు. అది వాని ప్రాణం మీదికి వచ్చినా సరే. ఈ వృత్తిలో దీనికి మించిన కష్టం లేదు తల్లీ." ఆ రోజు మధ్యాహ్నం ఆయన క్యారియర్ విప్పలేదు.

మద్దిలేటి భార్య రంగమ్మ తరఫున పరిహారం కోసం ప్రొద్దుటూరు కోర్టులో దావా పడింది. ప్రతివాదులు ఇద్దరు: దొరకని డ్రైవరు, ఓబులేసు.

నాగమ్మ

ఆమె తనంతట తానే వచ్చింది. ఎవరూ పిలవలేదు.

తమ్ముడు చాన్నాళ్లుగా కనబడలేదని, ఒక సంచీలో చెనక్కాయలు పోసుకుని బస్సెక్కి అతని పల్లెకు పోయిందట. ఇంటికి తాళం. పక్కింటామె సంగతంతా చెప్పింది. జీపుకు ప్రమాదం జరిగిందని మాత్రమే అప్పటిదాకా గంగయ్య ఆమెకు చెప్పాడు. ఓబులేసు చూసుకుంటున్నాడన్నాడు. మనిషి పోయాడని, తమ్ముడు ఇల్లు విడిచాడని చెప్పలేదు. ఆమె అదే సంచీతో, మళ్లీ బస్సెక్కి, వకీలు పేరు కనుక్కుని మా దగ్గరికి వచ్చింది. సార్ కోర్టులో ఉన్నారు. ఆఫీసులో నేనొక్కదాన్నే.

"ఓబులేసు అక్కనమ్మా నేను."

మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టాను. "అమ్మా, మీ తమ్ముడు మాకు ఏం చెప్పాడో నేను మీకు చెప్పకూడదు."

"నువ్వేం చెప్పొద్దులే. నేనే చెప్తా. ఆ జీపు మా ఇంట్లో ఉన్న్యది. మా ఆయన ఎలక్షన్‌కు ఇచ్చినాడు." నీళ్ల గ్లాసు పక్కన పెట్టింది. "ఈ మాట నేను కోర్టులో చెప్తే మావోడు బయటపడతాడా?"

"పరిహారం నుంచి బయటపడడమ్మా. బండి ఇంకా అతని పేరునే ఉంది. ఇన్సూరెన్సు లేదు. కోర్టు అతన్నే కట్టమంటుంది."

"నిజం చెప్పినా?"

"నిజం చెప్పినా అంతే."

ఆమె నన్ను చూసిన చూపు నేను మర్చిపోలేను. అందులో కోపం లేదు. అంత చదువుకున్నదానివి, ఇంత మాత్రమేనా నీ దగ్గర ఉన్నది, అన్నట్టుంది.

నేను మళ్లీ అన్నాను. "చట్టంలో లాభం తక్కువ. కానీ వాళ్లు ఇప్పుడు మీ తమ్ముడు మనిషిని చంపించాడని నమ్ముతున్నారు. జీపు ఎవరి చేతిలో ఉందో, ఎందుకు ఆ రోడ్డు మీదికి వచ్చిందో తెలిస్తే, అది ప్రమాదమని నమ్మడానికి ఒక దారి దొరుకుతుంది. మీ ఆయన పోలీస్ స్టేషన్‌కు పోయి చెబితే చాలు."

"పోలీసోల్లకు మా ఆయన చెప్తాడు. చెప్పిస్తా." లేచి నిలబడింది. "మొగుడు పోయినాయమ్మకు ఎవురు చెప్తారు?"

పోవద్దన్నాను. ప్రమాదం అన్నాను. ఆమె చెనక్కాయల సంచీ నా బల్ల మీద పెట్టి, "మావోడు వస్తే ఇయ్యి" అని మెట్లు దిగిపోయింది.

ఆ తర్వాత జరిగింది నాకు రంగమ్మే చెప్పింది, చాలా రోజులకు, కోర్టు వరండాలో. అవతలి పక్షం మనిషి అయినా, ఆడవాళ్లం ఇద్దరమే అక్కడ ఉండేవాళ్లం కనుక నీళ్ల కుండ దగ్గర మాటలు కలిసేవి.

"నేను ఇంట్లో మూలకు కూచోనుండా. వాకిట్లో ఎవురో ఆడమనిషి, 'రంగమ్మ ఇల్లు ఇదేనా' అంటాంది. మా బావ, అదే మా ఆయన అన్న, లేచి, నువ్వెవురని అడిగినాడు. 'మీ తమ్మున్ని గుద్దిన జీపు మాదే నాయనా' అనింది. మా బావ కొడవలి కోసం చూస్తాండాడు. ఆయమ్మ కదల్లా. నాకల్లా చూసి చెప్పింది. 'నా మొగుడు భయపడి ఎలక్షన్‌కు ఇచ్చినాడు. తోలినోడు ఎవుడో మాకు తెలీదు. నా తమ్మునికి అసలేమీ తెలీదు, ఉత్త పేరు వానిది. కొట్టల్లనుకుంటే మా ఇంటికి రాండి, ఊరు చాపాడు దగ్గర, ఎవురినడిగినా చెప్తారు. మావోని జోలికి పోవద్దండి. వాణ్ణి నేను పెంచుకున్న్యా.'"

రంగమ్మ అంతవరకు చెప్పి కొంగుతో మొహం తుడుచుకుంది.

"అంతకుముందు ఎంతమంది వచ్చినారో మా ఇంటికి. అందురూ మా బావతో మాట్లాడినోల్లే. ఎవుర్ని ఎట్ల కొట్టల్లని మాట్లాడినోల్లే. నాకు చెప్పల్లని వచ్చింది ఆయమ్మ ఒక్కతే. నేను లేసి మా బావతో అన్న్యా. 'చంపల్లని వచ్చేటోడు జెండాలు కట్టుకోని, జీపు నిండా మందిని ఎక్కించుకోని వస్తాడా బావా? నా మొగుడు పోయింది ప్రమాదంలోనే. ఆయన పేరు చెప్పి ఇంకొకరి తాడు తెంపొద్దండి.' మా బావ ఆ పొద్దంతా నాతో మాట్లాడల్యా. అయినా యాడికీ పోల్యా."

ఫ్యాక్షన్ గురించి బయటివాళ్లు రాసేటప్పుడు బాంబుల గురించి, వేటకొడవళ్ల గురించి రాస్తారు. ఆగిపోయిన హత్యల గురించి ఎవరూ రాయరు, ఎందుకంటే అవి ఎఫ్.ఐ.ఆర్. కావు. నాకు తెలిసి అలాంటివి చాలా ఉన్నాయి. వాటిలో చాలా వాటి వెనక ఇలా వాకిట్లో నిలబడిన ఒక ఆడమనిషి ఉంది.

తీర్పు

గంగయ్య పోలీస్ స్టేషన్‌కు పోయి చెప్పాడు. చెప్పాడు, అదే గొప్ప. ఎన్నికలు అప్పటికే అయిపోయాయి. నాయకుడికి ఆ డ్రైవరుతో ఇక అవసరం లేదు. కొన్నాళ్లకు డ్రైవరు తనే వచ్చి లొంగిపోయాడు. నాయకులకు మనం ఇచ్చే జీపైనా, మనిషైనా అంతే, అవసరం తీరేదాకే.

పరిహారం కేసులో నాగమ్మ, గంగయ్య ఇద్దరూ సాక్ష్యం చెప్పారు. జడ్జి గారు శ్రద్ధగా విన్నారు. అమ్మకం జరిగిందన్న మాట నమ్మదగ్గదేనని తీర్పులో రాశారు కూడా. అయినా రంగమ్మకూ పిల్లలకూ జవాబు చెప్పాల్సింది ఆర్.సి.లో పేరున్న మనిషేనన్నారు. మొత్తం డ్రైవరు, ఓబులేసు కలిసి ఇవ్వాలి. డ్రైవరు దగ్గర ఏమీ లేదు. అంటే ఓబులేసే.

తీర్పు విని బయటికొచ్చాక, సార్ అతన్ని పక్కకు పిలిచి చెప్పారు. "నువ్వు కట్టినాక మీ బావ మీద దావా వేసి రాబట్టుకోవచ్చు. ఇప్పుడు సాక్ష్యముంది."

ఓబులేసు ఆయన్ను వింతగా చూశాడు. "ఆయమ్మకు ఇయ్యల్ల కదా సార్. ఇస్తాంలే. దావా ఎందుకు?"

వ్యాను అమ్మేశాడు. మందలో చాలా భాగం పోయింది. గంగయ్య కూడా ఎవరూ అడగకుండానే రెండు ఎద్దులూ, ఇంటి పక్క కల్లం జాగా అమ్మి తెచ్చిచ్చాడు. ఇచ్చేటప్పుడు బావమరిది మొహం చూడలేకపోయాడు. కేసుకంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. ఇద్దరూ మంచివాళ్లు. ఎవరూ ఎవర్నీ మోసం చేయలేదు. కానీ గంగయ్య సిగ్గుతో కొండాపురం దిక్కు రావడం మానేశాడు. ఆయన సిగ్గు చూడలేక ఓబులేసు చాపాడు దిక్కు పోవడం మానేశాడు. నాగమ్మ మాత్రం బస్సుల్లో ఇటూ అటూ తిరిగేది.

వృత్తిలో ఇన్నేళ్లలో నేను తెలుసుకున్నది ఇదే. బయటివాళ్లకు బండి అమ్మినప్పుడు మనుషులు జాగ్రత్తగా ఉంటారు. ఇంట్లోవాళ్లకు అమ్మినప్పుడే ఉండరు. ఆ అమ్మకాల్లో మోసం చాలా తక్కువ. మొహమాటమే ఎక్కువ. కుటుంబాల్ని నేను కోర్టులో చూసింది ఎక్కువగా ఆ మొహమాటం వల్లే.

పులివెందులలో మా నాయన అంగడి ఎదుట ఒక దర్జీ ఉండేవాడు. తమ్ముడికి మోటార్ సైకిల్ అమ్మాడు. పేరు మార్చే లోపే ఆ బండి ఒక బాంబు కేసులో దొరికింది. తమ్ముడి దగ్గర ఎవరో అడిగి తీసుకుపోయారు. పోలీసులు దర్జీని పట్టుకుపోయారు. అయితే బండి ఇచ్చిన రోజే, ఏ తారీకున, ఏ వేళకు ఇచ్చాడో రాసి తమ్ముడితో సంతకం పెట్టించుకున్నాడు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో కూడా అమ్మినట్టు తెలియజేసి రసీదు తీసుకున్నాడు. అవి చూసి సాయంత్రానికి వదిలేశారు. సొంత తమ్ముడితో సంతకం ఎందుకు పెట్టించుకున్నావంటే, "గుడ్డ కొలత లేకుండా కత్తిరిస్తానా అమ్మా?" అన్నాడు నాతో.

కాబట్టి మీ దగ్గరికి ఎవరైనా వచ్చి, తమ్ముడికి బండి ఇస్తున్నానని మాటవరసకు చెబితే, ఫీజు గురించి ఆలోచించకుండా అక్కడే ఆపండి. ఇద్దర్నీ కలిపి రిజిస్ట్రేషన్ ఆఫీసుకు పంపండి. అమ్మేవాళ్లు రెండు వారాల్లోపు తెలియజేయాలని చట్టంలో ఉంది, కానీ తాళంచెవి చేతులు మారకముందే ఆ పని కావాలని చెప్పండి. ఇన్సూరెన్సు కొత్త పేరుకు మారిందో లేదో, గడువు ఎప్పటిదాకా ఉందో ఇద్దరూ కలిసి చూసుకోవాలి. పేరు మారేదాకా బండి పాత ఇంటి ముందే ఉంటే ఎవరికీ ఏమీ పోదు. బంధుత్వాన్ని అనుమానిస్తున్నామని వాళ్లు అంటారు. బంధుత్వం నిలవాలనే చెబుతున్నామని అనండి.

రిజిస్ట్రేషన్ ఆఫీసులో

రాఘవయ్య గారు పోయారు. ఆయన బల్ల నాకు వచ్చింది. రెండు బెంచీలూ అలాగే ఉన్నాయి. కూర్చునేవాళ్లు మాత్రం క్రమంగా ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

ఒక పొద్దున ఓబులేసు వచ్చాడు. జుట్టు నెరిసింది. మంద మళ్లీ పెరిగింది, సరుకులు మోసే ఆటో ఒకటి కొన్నాడు, దాన్ని ఇప్పుడు అక్కకు అమ్ముతున్నాడు. గంగయ్య సేద్యం చేయలేకపోతున్నాడు, ఊర్లో పాలు సేకరించి ప్రొద్దుటూరుకు తోలుకుంటారట.

"ఈతూరి మీరు పక్కనుండల్ల మేడమ్," అన్నాడు. "అక్కతో కాగితాల మాట ఎత్తల్లంటే నాకు ఇప్పుటికీ నోరు రాదు."

రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గరికి పోయేసరికి నాగమ్మ, గంగయ్య అప్పటికే వచ్చి వేపచెట్టు నీడలో నిలబడి ఉన్నారు. గంగయ్య ఓబులేసును చూసి ఒక అడుగు ముందుకేసి ఆగిపోయాడు. ఓబులేసు పోయి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. లోపలికి పోయేదాకా వదలలేదు.

బండి ఎవరి పేరుకు మార్చాలని గుమాస్తా అడిగాడు. గంగయ్య నోరు తెరిచే లోపలే నాగమ్మ అంది. "నా పేరుకు రాయప్పా. ఏమన్నా అయితే నా దగ్గరికే రావల్ల."

ఆమెకు సంతకం రాదు. గుమాస్తా సిరా పెట్టె జరిపాడు. ఓబులేసు తల వంచుకుని, చిన్నపిల్లాడిలా గొణిగాడు.

"అక్కా, నీతో వేలుముద్ర ఏపిచ్చుకుంటాండా. ఏమనుకోవద్దు."

నాగమ్మ కాగితం మీద వేలు ఒత్తింది. ఒత్తి, వేలు తీయకుండానే తమ్ముడి వైపు చూసింది.

"జీపిచ్చిన ఆ పొద్దే అడిగింటే కోపమొచ్చింటాదిరా నాకు. నాల్గు దినాలు నీతో మాట్లాడకుండా ఉండింటా. ఐదో దినం నేనే బస్సెక్కి వచ్చింటా."